ఆ అరగంట ఎవరిది

అక్కా,

నిలబడి చదవకు, కూర్చో. పొయ్యి మీద ఏమైనా ఉంటే దింపేసి రా. బావకి ఇప్పుడే చూపించకు.

ఇది ఫోనులో చెప్పాల్సిన మాటే. నాలుగుసార్లు చేశాను కూడా. ప్రతిసారీ నువ్వు ఎత్తగానే తిన్నావా అని అడుగుతావు, నేను తిన్నానని చెప్పి, ఎండల గురించి మాట్లాడి పెట్టేస్తాను. నా నోరు ఎంత పెద్దదో చిన్నప్పటినుంచీ నీకు తెలుసు. ఆ నోరు ఏడు నెలలుగా నీ ముందు పెగలడం లేదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు బావ మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయాడు. చెప్పులో రాయి దూరిందని వంకపెట్టి, రెయిలింగ్ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. రంగుల డబ్బా ఒక చేత్తో, నిచ్చెన ఒక చేత్తో పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కిన మనిషి. నువ్వు చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయావు. నేను వెనకాలే వచ్చేసరికి గోడవైపు తిరిగి ఎప్పుడూ అనే మాటే అన్నావు. "గ్యాసేమోలే, ఓ అరగంట పడుకో అన్నాను చూడు. ఆ అరగంటే ఆయన్ని తినేసిందే." నేనేం చేశాను? నీ వీపు నిమిరాను. ఊరుకో అక్కా అన్నాను. నీళ్ళు తాగాను. ఇంటికొచ్చి మంచమ్మీద కూలబడి, నా అంత పిరికిదాన్ని ఎక్కడా చూడలేదని నన్ను నేనే తిట్టుకున్నాను.

అక్కా, డాక్టరుగారు చెప్పిన అరగంట నువ్వు పడుకోబెట్టిన అరగంట అనుకుంటున్నావు. అది నా దగ్గర పోయిన అరగంట.

ఎలాగో చెబుతాను. మా ఆసుపత్రి తలుపు దాటగానే ఒక మిషను ఉంటుంది కదా, మీట నొక్కితే నంబరు వేసి టోకెన్ ఇస్తుంది. దాని కింద సన్నటి అక్షరాలతో టైము కూడా పడుతుంది, ఎవరూ చూడరు. ఆ నంబరు పిలిచేదాకా కుర్చీల్లో కూర్చోవాలి. పిలిచాక నా అద్దం దగ్గరికి రావాలి. నేను పేరు, వయసు, చిరునామా అడిగి చీటీ రాస్తాను. ఆ చీటీ మీద నంబరు పడితేగానీ లోపల ఎవరూ ఒంటిమీద చెయ్యి వెయ్యరు. చీటీలో వచ్చిన టైము అని ఒక గడి ఉంటుంది. అందులో నేను తలెత్తి గోడ గడియారం చూసి, ఆ నిమిషం రాస్తాను. అంటే మనిషి ఆసుపత్రికి వచ్చిన టైము కాదు, నా ముందుకి వచ్చిన టైము. చేరిన రోజున మా పెద్ద గుమాస్తా అలాగే నేర్పాడు, ఆయనకి అంతకుముందు ఉన్నాయన నేర్పాడట. పదకొండేళ్ళు రాశాను. ఒక్కసారి కూడా ఇదేమిటి అనిపించలేదు.

ఆ రోజు మీ పక్కింటాయన బావని గేటు దగ్గర దింపి డ్యూటీకి టైమవుతోందని వెళ్ళిపోయాడు. నువ్వు పాపని ఎవరికో అప్పజెప్పి వెనకాల వస్తానన్నావు. బావ ఒక్కడే లోపలికి వచ్చాడు. టోకెన్ తీసుకున్నాడు. నాకు పదడుగుల దూరంలో, మూడో వరుసలో కూర్చున్నాడు. నేను తల ఎత్తలేదు. చీటీలు చకచకా రాస్తానని నాకు పేరు కదా, ఆ పేరు నిలబెట్టుకునే పనిలో ఉన్నాను. నంబరు పిలిచాను. అద్దం కిందనుంచి ఒక చెయ్యి టోకెన్ తోసింది. గోళ్ళ సందుల్లో తెల్ల రంగు. అప్పుడు తలెత్తాను. బావ చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ముఖంలో రక్తం లేదు. అలాంటప్పుడు కూడా నవ్వి, "కంగారు పడకమ్మాయ్, నా నంబరు వచ్చాకే వచ్చాను" అన్నాడు.

తర్వాత నేనెంత అరిచానో, ఎంత పరిగెత్తానో అందరూ చెప్పుకుంటారు. పెద్ద గొప్ప. ఆ పరుగుకి ముందు, చెయ్యి అలవాటు కొద్దీ చీటీ మీద పదీ ముప్పై ఎనిమిది అని రాసేసింది. టోకెన్ మీద ఉన్నది పదీ ఏడు.

డాక్టరు నీతో ఏమన్నాడో గుర్తుంది కదా. పదీ ముప్పై ఎనిమిదికి వచ్చాడు, నలభై ఎనిమిది నిమిషాల్లో మూసుకుపోయిన రక్తనాళం తెరిచేశాం, ఇంకో అరగంట ముందు వచ్చి ఉంటే గుండె కండ ఇంత పోయేది కాదు అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. నేను రాసింది చదివాడు. నువ్వు అరగంట అనే మాట వినగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నావు. నేను నీ పక్కనే ఉన్నాను. ఆ టోకెన్ నా పర్సులో ఉంది. నా నోరు లేవలేదు.

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడాది గుండెపోటుకి త్వరగా వైద్యం చేసే ఆసుపత్రుల్లో మాది మొదటిదని బహుమతిగా పెద్ద బోర్డు రాబోతోంది. సగటున కూడా నలభై ఎనిమిది నిమిషాలే అని రాసి ఉంటుందట దాని మీద. తిట్టు అక్కా. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. ఆ అరగంట మాట మాత్రం ఇంకెప్పుడూ అనకు.

నీ చెల్లెలు

—

చిన్నీ,

పాలు దింపి చదవమన్నావు, దింపలేదు. పొంగి పొయ్యంతా పాడైంది.

నీ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బావ కుర్చీలో కూర్చుంటే చూడలేదన్నది సరే, తల వంచుకుని పని చేసుకుంటున్నావు. నేను ఏడు నెలలు నన్ను నేను కాల్చుకు తింటుంటే పక్కన కూర్చుని వీపు నిమిరావే, ఆ చేత్తోనే ఆ కాగితం ముక్క దాచావా? చిన్నప్పుడు పలక పగలగొట్టి నా సంచిలో పెట్టిన దానివి, నీకు ఆ బుద్ధి పోలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మీ బావ ఉత్తరం దొరకబుచ్చుకుని చదివేశాడు. బియ్యం డబ్బాలో పెట్టాను, అయినా దొరికింది. ఇంట్లో పని లేకుండా కూర్చున్న మనిషి అన్ని డబ్బాలూ తెరుస్తున్నాడు.

చదివి ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, కూర్చోమన్నాడు. ఇప్పుడు నువ్వు కూర్చో.

ఆ రోజు నొప్పి ఇంటికొచ్చాక మొదలైందని కదా నాకు చెప్పాడు. ఉత్తదే. పొద్దున ఏడున్నరకే నిచ్చెన మీద ఉండగా మొదలైందట. ఎడమ చెయ్యి లాగేసిందట. అప్పటికి పెద్ద హాల్లో గోడ సగం అయ్యింది. సగంలో ఆపేస్తే, ఆరిన రంగు మీద తడి రంగు పడ్డ చోట గీత వస్తుందట. ఆ గీత ఆ ఇల్లున్నన్నాళ్ళూ కనిపిస్తుందట. అది తన చేతి పని అని నలుగురూ అంటారట. అందుకని గంటన్నర నొప్పి ఓర్చుకుంటూ గోడ పూర్తి చేసి, బ్రష్షులు కడిగి ఆరబెట్టి మరీ వచ్చాడు ఈ మహానుభావుడు. ఇది విన్నాక నాకు నవ్వాలో, ఆ రంగు డబ్బా నెత్తిన కుమ్మరించాలో తెలియలేదు.

మీ ఆసుపత్రి కుర్చీలో ఎందుకు నోరు మూసుకుని కూర్చున్నావని అడిగాను. మరదలి పేరు చెప్పుకుని వరుస తప్పి దూరాడంటే నీకు మాట వస్తుందట. నిన్ను చూస్తూనే కూర్చున్నాడట. ఎంత చకచకా రాస్తోంది మా అమ్మాయి అనుకున్నాడట.

చిన్నీ, లెక్క ఇదీ. గంటన్నర ఆయనది, అరగంట నాది, అరగంట నీది. ముగ్గురం కలిసి చేసిన నిర్వాకం. ఇన్నాళ్ళూ ముగ్గురం ఒకళ్ళ ముందు ఒకళ్ళం కూర్చుని, ఎవరికి వాళ్ళం మొత్తం నాదే అనుకుంటూ ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం ఏడ్చాం. రాత్రి ఆయనా నేనూ కరువుదీరా మాట్లాడుకున్నాం. పెళ్ళయిన కొత్తలో కూడా అంతసేపు మాట్లాడుకోలేదు.

మా ఇద్దరి తప్పూ ఇంట్లోది, ఇంట్లోనే కడుక్కున్నాం. నీది మాత్రం రోజూ జరుగుతోంది. ఈ ఉత్తరం నువ్వు చదివే వేళకి కూడా ఆ మూడో వరుసలో ఎవరి మొగుడో, ఎవరి తల్లో చెమట తుడుచుకుంటూ నంబరు కోసం చూస్తూ ఉంటారు. మీ పెద్ద డాక్టరుకి చెప్పు. చెప్పేదాకా మా గుమ్మం తొక్కకు. పాప అడిగితే పిన్ని పని మీద ఉందని చెబుతాను.

అక్క

—

అక్కా,

నీ ఉత్తరం వచ్చి ఏడు వారాలైంది. అలిగాననుకున్నావేమో. లేదు. చేతిలో ఏమీ లేకుండా పెద్ద డాక్టరు ముందు నిలబడితే, పాపం బావకి అలా అయ్యాక దీనికి మతి చలించింది అంటారు. అందుకని ఆధారం కూడబెట్టాను.

వాడేసిన టోకెన్లు బల్ల మీద ఇనప చువ్వకి గుచ్చుతాం, సాయంత్రం చెత్తలో పారేస్తాం. నీ ఉత్తరం చదివిన మర్నాటినుంచీ గుండె నొప్పితో వచ్చిన ప్రతి మనిషి టోకెన్‌నీ వాళ్ళ చీటీ నకలుకి పిన్ను పెట్టాను. ఆరు వారాల్లో నలభై మూడు మంది. అందరికంటే తక్కువ ఆగినాయన తొమ్మిది నిమిషాలు. ఎక్కువ ఆగింది ఒక ముసలాయన, యాభై రెండు నిమిషాలు. ఆయన బతకలేదక్కా.  చూస్తూ చూస్తూ ఎందుకు ఊరుకున్నావని అడుగుతావు. ఊరుకోలేదు. చెమటలు పట్టిన వాళ్ళు నా కళ్ళబడితే అద్దం వదిలి పరిగెత్తేదాన్ని, వరుసలో వాళ్ళు నన్ను బండబూతులు తిట్టేవాళ్ళు. కానీ అందరూ నా కళ్ళబడరు కదా. ఆ ముసలాయన స్తంభం వెనక కూర్చున్నాడు. మిగతా రెండు కౌంటర్ల వాళ్ళకి తలెత్తే తీరిక లేదు.

నలభై మూడు మందినీ కలిపి సగటు చూస్తే ఇరవై ఏడు నిమిషాలు. మా నలభై ఎనిమిది అసలు డెబ్బై అయిదు.

మొన్న మంగళవారం ఆ కట్ట పట్టుకుని నెలవారీ సమావేశానికి వెళ్ళాను. గుమాస్తాలని పిలవరు, పిలవకుండానే వెళ్ళాను. అప్పుడే బోర్డు నమూనా అందరికీ చూపిస్తున్నారు. కట్ట బల్ల మీద పెట్టి, బావ టోకెన్ పైన పెట్టి, మొత్తం చెప్పేశాను. మధ్యలో నీళ్ళు కూడా అడగలేదు. పెద్ద డాక్టరు టోకెన్ తీసుకుని కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. "అంటే మేం అబద్ధాలు రాస్తున్నామంటావా?" అని అడిగాడు. "మీరు కాదండీ. రాసింది నేనే. పదకొండేళ్ళుగా ఈ చేత్తోనే రాశాను" అన్నాను.  నన్ను బయటికి వెళ్ళమన్నారు.

మర్నాడు మా పెద్ద గుమాస్తా నన్ను పాత కాగితాల గదికి మార్చేశాడు. కిటికీ లేదు, ఒక బల్ల, ఒక ఫ్యాను, పదేళ్ళ ఫైళ్ళు. ముఖం చూపించడానికి లేకుండా చేద్దామని ఆయన ఆలోచన. చెప్పనా, తొమ్మిది నెలల్లో మొదటిసారి నిన్న కడుపునిండా తిన్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నా పని నేను చేశాను. గుమ్మం తొక్కమంటావా, ఇంకా ఆగమంటావా?

నీ చెల్లెలు

—

అక్కా,

పిల్లతో గీయించి పంపిన గుమ్మం బొమ్మ అందింది. దాని మీద నువ్వు "తొక్కు" అని ఒక్క మాట రాశావు చూడు, పాత కాగితాల గదిలో ఒక్కదాన్నే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ రోజే వచ్చేద్దామనుకున్నాను. ఇక్కడ పరిస్థితి తల్లకిందులైంది, అందుకే రెండు నెలల పైన ఆలస్యం.

నన్ను ఆ గదిలో పడేసిన పదో రోజున పెద్ద డాక్టరు ఏం చేశాడో తెలుసా? కోటు విప్పేసి, మామూలు చొక్కాతో, ముక్కుకి గుడ్డ కట్టుకుని, టోకెన్ తీసుకుని మూడో వరుసలో కూర్చున్నాడు. మధ్యలో ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని వంగాడట కూడా. ముప్పై నాలుగు నిమిషాలు. ఆయన సంతకం లేకపోతే గడవని ఆసుపత్రిలో ఆయన వంక చూసిన నాథుడు లేడు. నంబరు పిలిచాక లేచి, ముఖం మీద గుడ్డ తీసి, అద్దం అవతల ఉన్న మా పెద్ద గుమాస్తాతో, "నేను పావు తక్కువ పదకొండుకి వచ్చానయ్యా, చీటీ మీద ఎంతని రాస్తావు?" అని అడిగాడట.  అక్కడ లేనందుకు ఇప్పటికీ కడుపు రగిలిపోతోంది నాకు.

అక్కణ్ణుంచి తిన్నగా మెట్లు దిగి నా గదికి వచ్చాడు. కుర్చీ ఒక్కటే ఉంటే నేను లేచాను, కూర్చోమని ఆయన నిలబడ్డాడు. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు అన్నాడు. పెద్ద నర్సునీ, నన్నూ, గేటు దగ్గరుండే కాపలా ఆయన్నీ కూర్చోబెట్టి మూడు రోజులు మాట్లాడాడు. ఇప్పుడు ఛాతీ, దవడ, భుజం నొప్పి అన్నా, ఊపిరి ఆడటం లేదన్నా, ఊరికే చెమటలు పోస్తున్నాయన్నా టోకెన్ లేదు, చీటీ లేదు. కాపలా ఆయన గంట కొట్టి, మణికట్టుకి పట్టీ కట్టి, దాని మీద నంబరూ టైమూ రాస్తాడు. తిన్నగా ఈసీజీ గదికి. పది నిమిషాల్లో ఈసీజీ పూర్తవ్వాలి. పేరూ ఊరూ తర్వాత. నన్ను మళ్ళీ అద్దం దగ్గరికి పిలిచారు.

బోర్డు మాకు రాలేదు. పెద్ద డాక్టరు డెబ్బై అయిదు అని నిజం రాసి పంపాడు, వేరే ఆసుపత్రికి వెళ్ళిపోయింది. సమావేశంలో ఆ మాట ఆయనే చెప్పాడు, కొందరు ముఖాలు మాడ్చుకున్నారు. కొత్త పద్ధతికి నిన్నటికి రెండు నెలలు పూర్తయ్యాయి. గేటు దగ్గర రాసిన టైము నుంచి లెక్క వేస్తే సగటు యాభై ఒకటి. అసలైన యాభై ఒకటి అక్కా! పెద్ద నర్సు ఆ అంకె చదివి బల్ల మీద గుద్దింది. నేను అందరి ముందూ ఈల వేశాను. నాకు ఈల వచ్చని అక్కడ ఎవరికీ తెలియదు.

బావ పోయిన వారం పరీక్షకి వచ్చినప్పుడు గుండె బలం కాస్త పెరిగిందని చెప్పారని నీకు తెలుసు. నీకు తెలియనిది ఒకటుంది. ఆయన బయటికి వస్తూ కుర్చీల దగ్గర ఆగాడు. నొప్పి ఓర్చుకుంటున్న ఒకాయన పక్కన కూర్చుని, మొహమాట పడకండి, లేచి గట్టిగా చెప్పండి అంటూ చెయ్యి పట్టుకుని గంట దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ మనిషికి గ్యాసే అని తేలింది. అయినా పెద్ద నర్సు బావకి టీ ఇచ్చి పంపింది.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో చెప్పలేదు. పోయిన గురువారం ఒకావిడ వచ్చింది. దర్జీ పని చేస్తుంది, యాభై దాటి ఉంటాయి, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. దవడ నొప్పి, పంటి డాక్టరు ఎక్కడ కూర్చుంటాడని కాపలా ఆయన్ని అడిగింది. ఆయన ఆవిడ నుదుటి మీద చెమట చూసి గంట కొట్టాడు. పంటికి గంటేమిటని ఆవిడ పోట్లాడుతూనే ఉంది, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టేశారు. గేటు దగ్గర పదకొండూ అయిదు. ఈసీజీ పదకొండూ తొమ్మిది. నాళం తెరుచుకునేసరికి పదకొండూ యాభై రెండు. గుండె కండ దాదాపు ఏమీ పోలేదని డాక్టరు చెప్పాడు. ఫైలు మీద పట్టీ నంబరు తప్ప ఏమీ లేదు. అందరూ ఆవిణ్ణి గేటు పదిహేడు అనే పిలిచారు.

ఈ రోజు ఇంటికి పంపుతున్నారు. కొడుకు బండి తేవడానికి వెళ్ళాడు. ఆవిడ తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ, కుర్చీల వరుసలన్నీ దాటి నా అద్దం ముందుకి వచ్చి నిలబడింది. ఆయాసం లేదు, ఎక్కడా ఆగలేదు. నాలుగు రోజులు నన్ను పొడిచారు, కోశారు, మందులు మింగించారు, ఒక్కరైనా నా పేరు అడిగారా అని నిలదీసింది. ఆవిడ వెనక పదిమంది వరుసలో ఉన్నారు. పెద్ద గుమాస్తా పక్క కౌంటర్ నుంచి గుర్రుగా చూస్తున్నాడు. నేను కొత్త చీటీ తీశాను. వచ్చిన టైము గడిలో పదకొండూ అయిదు అని రాశాను. ఆవిడకి కుర్చీ వేయించి, తొందరేమీ లేదమ్మా, ఇప్పుడు నెమ్మదిగా చెప్పండి, మీ పేరేమిటి అని అడిగాను.

ఆదివారం వస్తున్నాను.

నీ చిన్ని